జూన్ ఇరవయ్యో తేదీ కాగితం

లక్సెంబర్గ్ నగరం,
24 ఫిబ్రవరి 1997, సోమవారం.

లెయోనీ అత్తయ్యకి,

ఒడీల్ నమస్కారాలు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. మీ మోకాలి నొప్పి తగ్గిందనీ, ఆవాల మర రోజూ తిరుగుతున్నదనీ, మెటి తాత ఎప్పటిలాగే అందరినీ తిడుతూ ఆరోగ్యంగా ఉన్నాడనీ తలుస్తాను.

ఈ ఉదయం మా ఆఫీసు గుమ్మం దగ్గర ఒక చిన్న సంగతి గమనించాను. గుమ్మానికి రెండు పక్కలా గోడ నిండా ఇత్తడి పలకలు ఉంటాయి, ఒక్కో కంపెనీకి ఒక్కోటి. ప్రతి సోమవారం ఆఫీసు శుభ్రం చేసే ఫిలొమెనా వాటికి పాలిష్ పెడుతుంది. ఎంత తుడిచినా చెక్కిన అక్షరాల గాడిలో తెల్లటి పొడి కాస్త మిగిలిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ పాత పలకల మీది పేర్లన్నీ సున్నంతో రాసినట్టు కనిపిస్తాయి. మీరు అడిగిన పేరు ఎడమవైపు, కింది వరుసలో ఉంది. చేతి తొడుగు తీసి, ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూశాను. గాడిలో పొడి లేదు. బిగించి నాలుగు నెలలు కూడా అయి ఉండదు. మీ దగ్గరికి వచ్చిన పెద్దమనిషి తమ కంపెనీకి ఇరవై ఏళ్ల అనుభవం ఉందని చెప్పాడని రాశారు కదా.

మీ ఉత్తరం శనివారం అందింది. ఆవమరను కొంటామంటున్న సెనావిల్ కంపెనీ చిరునామా, నా ఆఫీసు చిరునామా ఒకటే కావడం చూసి మీరు సంతోషించారు. 'మీ పక్క గదిలో వాళ్లేనా? మర్యాదస్తులేనా? రోజూ పలకరిస్తావా, లేక నీ అలవాటు ప్రకారం తల దించుకుని పోతావా?' అని అడిగారు.

పక్క గది లేదు అత్తయ్యా. మా ఆఫీసులో పనిచేసేవాళ్లం తొమ్మిది మందిమి. ఈ చిరునామాలో ఉన్న కంపెనీలు మూడు వందలకు పైనే. వాటికి కుర్చీలు లేవు, కిటికీలు లేవు. ఒక్కోదానికీ గోడ మీద ఒక పలక, అల్మారాలో ఒక ఫైలు ఉంటాయి. కంపెనీ ఈ దేశానిదే అనిపించుకోవాలంటే దాని సమావేశాలు ఈ నేల మీదే జరగాలి. అందుకని మాకు ఒక సమావేశపు గది ఉంది. అందులో బల్ల ఒక్కటే. బల్ల మీద చిన్న చెక్క స్టాండు ఉంటుంది. అరగంటకోసారి అందులో పేరు చీటీ మారుస్తాం. పదింటికి ఓడల కంపెనీ, పదిన్నరకు పేటెంట్ల కంపెనీ, పదకొండుకు ఎక్కడో ద్రాక్షతోటలు కొన్న కంపెనీ. చీటీలు మార్చేది నేనే.

నా ఎదురు బల్ల దగ్గర కూర్చునే జోజెట్ షిల్ట్జ్ ఇరవై రెండేళ్లుగా ఇక్కడే పనిచేస్తోంది. ఒక్కో కంపెనీకి ముగ్గురు డైరెక్టర్లు ఉండి తీరాలి. అసలు యజమానులు తమ పేరు బయట పెట్టుకోరు కాబట్టి మా యజమాని హోషైట్ గారు, ఆయన భార్య, జోజెట్ లాంటి ఆఫీసు వాళ్లు తమ పేర్లు ఇస్తారు. జోజెట్ దీని మీద రోజూ ఒక జోకు వేస్తుంది. 'ఎనభై కంపెనీలకు డైరెక్టర్ని, పొద్దున బస్సులో నాకు సీటిచ్చిన వెధవ ఒక్కడూ లేడు' అని మొన్న గొడుగు దులుపుకుంటూ అంది. ఈ వీధిలో కిటికీల కన్నా కంపెనీలు ఎక్కువ అని కూడా అంటుంది. నేను నవ్వుతాను. నాకు జోకులు వేయడం రాదు.

సెనావిల్ అనే పేరు నేను పలక మీద చూశాను. దాని వెనక ఎవరున్నారో తెలియదు. తెలిసినా చెప్పకూడదు. ఇక్కడ చేరిన రోజే, ఆఫీసు సంగతి బయట పెడితే జైలుకు పోవడానికి ఒప్పుకుంటున్నట్టు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. కానీ మీరు అడిగారు కాబట్టి ఇంత మాత్రం అంటాను: మార్చి ఇరవై ఒకటిన నోటరీ దగ్గర సంతకం అన్నారు, దాన్ని కొంచెం వాయిదా వేయగలరేమో చూడండి. మర అమ్మేముందు, కొనేవాళ్లెవరో మీకు తెలియాలి. మీ దగ్గర పదకొండు మంది పనిచేస్తున్నారు. మెటి తాత మర పైనున్న గదిలోనే ఉంటున్నాడు.

మీ
ఒడీల్

*

లక్సెంబర్గ్ నగరం,
5 మార్చి 1997, బుధవారం.

అత్తయ్యకి నమస్కారాలు.

తేదీ మార్చడం కుదరదని, సెనావిల్ తరఫున మీ దగ్గరికి వచ్చిన డెల్విన్ గారికి తొందరగా ఉందని రాశారు. అందుకే వెంటనే రాస్తున్నాను. దీన్ని చదివి పొయ్యిలో వేయండి.

ఆ డెల్విన్ గారు నిన్న ఆఫీసుకు వచ్చారు. మీ ఇంట్లో భోంచేసిన మనిషే, అనుమానం లేదు. బూడిదరంగు కోటు, వెడల్పాటి ఉంగరం, ప్రతి మాటకూ ముందు చిన్న దగ్గు. బ్రస్సెల్స్ నుంచి రైల్లో వస్తారు, నలభై నిమిషాలు కూర్చుంటారు, వెళ్లిపోతారు. నేను బల్ల మీద సెనావిల్ చీటీ పెట్టాను. మధ్యాహ్నం కావస్తోంది కాబట్టి హోషైట్ గారు రొట్టెలు తెమ్మన్నారు. నేను హ్యామ్ పెట్టిన రొట్టెలు తెచ్చి, నా సొరుగులోంచి మన ఆవముద్ద ఉన్న కొంగ బొమ్మ గ్లాసు తీసి, రొట్టెల లోపల ఆ ముద్ద పల్చగా రాసి ఇచ్చాను. కావాలనే చేశాను.

ఆయన రొట్టె విప్పి చూశారు. కత్తితో ఆ పసుపంతా గీకి పళ్లెం అంచుకు రాశారు. 'ఇది నాకు వద్దమ్మా. ఈ ఘాటు చిన్నప్పటి నుంచీ పడదు' అన్నారు. హోషైట్ గారు పడిపడి నవ్వి, 'కొంటున్నది తినడానికా ఏమిటి!' అన్నారు. ఇద్దరూ నవ్వారు. నేను పళ్లెం తీసుకుని బయటికి వచ్చేశాను.

'మీ ఆవముద్ద లేకుండా మా అమ్మ ఆదివారం వంటే చేసేది కాదు' అని మీ వంటింట్లో కూర్చుని కళ్లు తుడుచుకున్నది ఈయనే కదా అత్తయ్యా?

ఆయన వెళ్లాక ఫైలును అల్మారాలో పెట్టాలి. మామూలుగా అయితే తెరవను. నిన్న తెరిచాను. అందులో మొదట మార్చి ఇరవై ఒకటో తేదీ తీర్మానం ఉంది: మీ మరను కొనడం. దాని కింద ఇంకో కాగితం. దాని తేదీ జూన్ ఇరవై, శుక్రవారం.

ఇది మార్చి నెల కదా, జూన్ కాగితం ఎలా ఉందని మీరడుగుతారు. మా పద్ధతి చెప్పాలి. ఇక్కడ సమావేశం జరిగాక తీర్మానం రాయరు. తీర్మానం ముందు రాసి, తర్వాత సమావేశం జరుపుతారు. 'సభ్యులు పదకొండు గంటలకు సమావేశమై, సుదీర్ఘంగా చర్చించి' అని ముందురోజే టైపు అయి ఉంటుంది. చర్చించాల్సిన మనుషులు ఆ మర్నాడు వచ్చి, కాఫీ తాగి, పెన్సిల్‌తో గుర్తు పెట్టిన చోట సంతకం చేసి వెళ్తారు. పైగా హోషైట్ గారి భార్య గ్రెటా గారికి ఊపిరితిత్తుల జబ్బు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు స్పెయిన్‌లో ఉంటారు. అందుకని ఆ ఆరు నెలల్లో కంపెనీలు ఏం నిర్ణయించుకోబోతున్నాయో, వాటి తాలూకు కాగితాలన్నీ చలికాలంలోనే తయారు చేస్తాం. ఇందులో తప్పుందని ఇక్కడ ఎవరికీ తోచదు. నాకూ ఇన్నాళ్లు తోచలేదు.

జూన్ కాగితంలో ఉన్నది ఇది. మరను ఆపివేయాలి. రాళ్లు, యంత్రాలు విడివిడిగా అమ్మాలి. పనివాళ్లను నోటీసిచ్చి పంపాలి. నది ఒడ్డున ఉన్న స్థలాన్ని ఇళ్లు కట్టే కంపెనీకి ఇవ్వాలి. పేరు, లేబుల్, కొంగ బొమ్మ మాత్రం ఉంచుకుని, ఆవముద్దను వేరే దేశంలో చవకగా తయారు చేయించి మన గ్లాసుల్లో నింపాలి. 'సభ్యులు సుదీర్ఘంగా చర్చించి' అని ఇందులోనూ ఉంది.

మర ఒక్క రోజు కూడా ఆగదని డెల్విన్ గారు మెటి తాత భుజం మీద చెయ్యేసి చెప్పారని మీరు రాశారు.

కాగితం నకలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. అడుగుభాగం జిరాక్స్‌లో సరిగా పడలేదు. పైన ఉన్నది చదివితే చాలు. దయచేసి ఇరవై ఒకటిన సంతకం పెట్టకండి. ఎవరు చెప్పారని అడిగితే నా పేరు చెప్పకండి.

మీ
ఒడీల్

*

లక్సెంబర్గ్ నగరం,
12 మార్చి 1997, బుధవారం.

అత్తయ్యకి,

నమస్కారాలు. మీ ఉత్తరం నిన్న సాయంత్రం వచ్చింది. మూడుసార్లు చదివాను. మీ కోపం న్యాయమైనదే. అందులో మీరు అడిగినవాటికి ఒక్కొక్కటిగా సమాధానం చెప్పాలని కూర్చున్నాను కానీ, రాస్తుంటే క్రమం తప్పుతోంది.

ఇది మా నాన్న ఆడిస్తున్న ఆట అన్నారు. నికోలా మామయ్య పోయినప్పుడు మరను తన చేతికివ్వలేదని మీ తమ్ముడికి ఇంకా కడుపుమంట అని, 'వాడు తోలుబొమ్మను పంపాడు, అది గుండ్రటి అక్షరాలతో ఉత్తరాలు రాస్తోంది' అని రాశారు. నాన్నకు ఈ సంగతి తెలియదు. నేను చెప్పలేదు. చెబితే ఆయన తాగి మీకు ఫోను చేస్తాడు, దాంతో మీరు పట్టుదలకు పోయి వెంటనే సంతకం పెడతారు.

కాన్వెంట్లో సిస్టర్లు నేర్పింది ఇదేనా, పరాయివాళ్ల కాగితాలు తొంగి చూడడమా అన్నారు. నేను పుస్తకాలు ఎక్కువ చదవడం వల్ల ప్రతి మనిషి వెనకా ఇంకో మనిషి కనిపిస్తాడని అన్నారు. అయ్యుండవచ్చు. కానీ ఈ ఆఫీసులో నిజంగానే ప్రతి మనిషి వెనకా ఇంకో మనిషి ఉంటాడు అత్తయ్యా. దానికే మాకు జీతాలిస్తారు.

నోటరీ రెడింగ్ గారికి ఆ నకలు చూపించారు. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, 'ఇలాంటిది మా గుమస్తా పది నిమిషాల్లో టైపు చేసిస్తాడు లెయోనీ. కావాలంటే చంద్రుణ్ని కొన్నట్టు కూడా టైపు చేస్తాడు. సంతకాలేవీ?' అన్నారట. మీరు కాగితాన్ని కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి చూశారట. పైన ప్రతి అక్షరం సూదితో గుచ్చినట్టు స్పష్టంగా పడి, అడుగున మాత్రం అంత శుభ్రంగా తెల్లగా ఎలా ఉంటుంది, మిషన్ పాడైతే మరకలు పడాలి కదా అని అడిగారు. నలభై ఏళ్లు లేబుళ్లు పరీక్షించిన కళ్లు మీవి. దీనికి ఈ ఉత్తరంలో సమాధానం రాయలేను.

ఇక బ్రెట్జెల్ ఆదివారం సంగతి. డెల్విన్ గారు మొన్న ఆదివారం అంత దూరం నుంచి కారులో వచ్చి, బాదంపప్పులు చల్లిన పెద్ద బ్రెట్జెల్ రొట్టె మీ చేతికిచ్చారని, మామయ్య పోయాక ఆ రోజున మీకు బ్రెట్జెల్ ఇచ్చిన మగవాడు ఇతనొక్కడేనని రాశారు. మీరు సంతోషపడ్డందుకు నేను తప్పు పట్టడం లేదు. కానీ ఒకటి చెప్పాలి. మన దేశంలో ఇంట్లో ఆడవాళ్లకు మగవాళ్లు ఆ రొట్టె ఇచ్చే ఆదివారం బ్రస్సెల్స్ వాళ్లకు ఎలా తెలుస్తుంది? శుక్రవారం హోషైట్ గారు నన్ను పిలిచి, ఆఫీసులో ఆడవాళ్లందరికీ బ్రెట్జెళ్లు చెప్పమన్నారు. ప్రతి ఏడూ చెబుతాం. మేం ఆడవాళ్లం ఏడుగురం. ఆయన ఎనిమిది చెప్పమన్నారు. 'ఒకటి పెద్దది, బాదంపప్పులతో' అన్నారు. నేనే బేకరీకి ఫోను చేశాను. రొట్టె చుట్టిన కాగితం మీ వంటింట్లో ఇంకా ఉంటే చూడండి, నీలం అక్షరాల్లో మా వీధి పేరు ఉంటుంది.

మీరు ఆ రొట్టె తింటూ ఆయన్ని ముఖం మీదే అడిగారు: 'ఏమయ్యా, జూన్‌లో నా మర మూసేస్తావటగా?' అని. ఆయన దగ్గి, నవ్వి, మీ చెయ్యి పట్టుకుని, ఎవరో మీ మంచి చూడలేక చెప్పి ఉంటారు, ఎవరో చెప్పండి, నేను మాట్లాడతాను అన్నారట. మీరు నా పేరు చెప్పలేదు. అందుకు ఎప్పటికీ కృతజ్ఞురాలిని. కానీ మీరు 'జూన్' అన్నారు. అది చాలింది.

సోమవారం ఉదయం హోషైట్ గారు అందరినీ నిలబెట్టారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. 'మన ఆఫీసులోంచి ఒక మాట ఉత్తరాది లోయల దాకా వెళ్లిందట. ఈ చలికి మాటలు అంత దూరం ఎగరవు. ఎవరో కోటు జేబులో పెట్టుకుని తీసుకెళ్లి ఉంటారు' అన్నారు. ఒక్కొక్కరి కోటు వైపూ చూశారు. నా కోటు చివరి కొక్కేనికి ఉంది.

తర్వాత జిరాక్స్ మిషన్ దగ్గరున్న పుస్తకం తెమ్మన్నారు. ఏ కంపెనీ కోసం ఎన్ని పేజీలు తీశామో అందులో రాయాలి. మీకు పంపిన నకలు తీసిన మంగళవారం నేను ఓడల కంపెనీ పేరు రాసి, పక్కన ఒక పేజీ అని రాశాను. పుస్తకం తేవడానికి లేచింది జోజెట్. దారిలో నా బల్ల దగ్గర ఆగి, ఆ వరుస మీద వేలు పెట్టి, నాకు మాత్రమే వినపడేలా, 'మంగళవారం ఓడలకు ఏం పని పడిందే?' అంది. నేను పేరు చీటీలు సర్దుతున్నట్టు నటించాను. 'నీ చేతిరాతలో అబద్ధం కూడా ఎంత గుండ్రంగా ఉంటుందే పిల్లా! అంతా సిస్టర్ల చలవ' అంది. తర్వాత తన కాఫీ కప్పును ఆ పేజీ మీద పెట్టి ఫోను ఎత్తుకుంది. కప్పు కారుతుందని ఆఫీసంతటికీ తెలుసు. పుస్తకం హోషైట్ గారి బల్ల మీదికి చేరేసరికి ఓడలు, పేటెంట్లు, ద్రాక్షతోటలు అన్నీ ఒకే గోధుమరంగు మరకలో కలిసిపోయాయి. ఆమె నన్ను కాపాడిందో, నా గుట్టు తన దగ్గర ఉందని చూపించిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత నాతో జోకులు వేయడం మానేసింది.

నా వేసవి సెలవులన్నీ మీ దగ్గరే గడిచాయి. గ్లాసులకు లేబుళ్లు అంటించే బల్ల దగ్గర నాకొక ఎత్తు పీట వేసేవారు. మెటి తాత తిరగలి రాయికి చెవి ఆనించి, 'ఇవాళ గింజ తడిగా ఉంది, అమ్మగారితో చెప్పు, నేను చెబితే అరుస్తుంది' అనేవాడు. నేను చెబితే మీరు అరిచేవారు కాదు. ఆ ఇంట్లో నా మాట నమ్మేవాళ్లు. ఈసారి కూడా నమ్మమని అడుగుతున్నాను.

శుక్రవారం కాదు, ఆ పై శుక్రవారమే ఇరవై ఒకటి.

మీ
ఒడీల్

*

లక్సెంబర్గ్ నగరం,
17 మార్చి 1997, సోమవారం.

లెయోనీ అత్తయ్యకి,

నమస్కారాలు. మీరు పంపిన కార్డు చేరింది. అందులో ఉన్నవి రెండే వాక్యాలు. 'అడుగు లేని కాగితంతో నా దగ్గరికి రాకు. ఇరవై ఒకటిన పదిన్నరకు రెడింగ్ ఆఫీసులో సంతకం పెడుతున్నాను.' మెటి తాత సామాను సర్దుకోవడం మొదలుపెట్టాడని, 'కొత్త దొరలొస్తే ముందు నన్నే దులుపుతారు' అంటున్నాడని అంచున చిన్న అక్షరాలతో రాశారు. అది కోపంతో రాసింది కాదనుకుంటాను.

మీరు అడిగిన కాగితం ఈ కవరులో ఉంది. ఈసారి పూర్తిగా, పై అంచు నుంచి కింది అంచు దాకా.

శనివారం ఆఫీసుకు సెలవు. అయినా జోజెట్ పాత ఫైళ్లు కట్టలు కట్టడానికి వస్తుందని తెలిసి వెళ్లాను. అల్మారా తాళం అడిగాను. ఏ ఫైలు అని అడగలేదు. తాళం నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, 'నాకు జూలైలో పెన్షన్ వస్తుంది. నా సంగతి వేరు. నువ్వు ఇరవై నాలుగేళ్ల పిల్లవి. ఇక్కడి నుంచి గెంటేస్తే ఈ ఊళ్లో ఒక్క ఆఫీసు కూడా నిన్ను గుమ్మం తొక్కనివ్వదు. ఆలోచించుకున్నావా?' అంది. ఆలోచించానని చెప్పాను. 'అయితే జిరాక్స్ పుస్తకంలో ఈసారి సరైన పేరు రాయి. అబద్ధం చెప్పడం నీకు చేతకాదు, చూస్తుంటే నాకే సిగ్గేస్తోంది' అంది. నేను సెనావిల్ అని రాశాను, ఒక పేజీ అని రాశాను, నా పేరు రాశాను. హోషైట్ గారు ఆ పుస్తకాన్ని మంగళవారాల్లో చూస్తారు. అంటే రేపు.

ఈ కాగితం రెడింగ్ గారికి చూపించండి. మొదటి సంతకం హోషైట్ గారిదని ఆయన గుర్తుపడతారు, ఇద్దరూ ఒకే బడిలో చదివారు. సంతకాలు పడ్డది ఎప్పుడని అడిగితే, అందరూ జనవరిలోనే పెట్టారని చెప్పండి. మీతో బేరం మొదలు కాకముందే. నమ్మకపోతే నేనే చెబుతాను. శుక్రవారం ఉదయం ఎనిమిదింటి రైల్లో వస్తున్నాను. పదింటికల్లా నోటరీ గుమ్మం దగ్గర ఉంటాను. నలుగురి ముందు నోరు విప్పడం నాకెంత కష్టమో మీకు తెలుసు. అయినా విప్పుతాను. డెల్విన్ గారు ఎదురుగా కూర్చున్నా సరే.

ఆ తర్వాత మీరు నన్ను మరకు రానిస్తే వస్తాను. రానివ్వకపోతే మధ్యాహ్నం రైల్లో తిరిగి వెళ్తాను. మెటి తాతను సామాను విప్పేయమని చెప్పండి.

మీ
ఒడీల్

తా.క. సెనావిల్ పేరు పలక మీద చూశానని మొదటి ఉత్తరంలో రాశాను. ఆ రోజుకు దానితో నాకున్న సంబంధం అంతే అనుకున్నాను. అడుగుభాగం జిరాక్స్‌లో పడలేదని రెండో ఉత్తరంలో రాసింది మాత్రం అబద్ధం. తెల్ల కాగితం పట్టీగా కత్తిరించి, నేనే దాని మీద పరిచాను. అడుగున మూడు సంతకాలు ఉన్నాయి. మొదటిది హోషైట్ గారిది, రెండోది గ్రెటా గారిది. మూడోది ఒ. వైడెర్ట్, డైరెక్టర్. మీకు రాసే ఉత్తరాల్లో ఒట్టి ఒడీల్ అని రాస్తాను కాబట్టి, మీరు నా పూర్తి సంతకం ఎప్పుడూ చూసి ఉండరు. జనవరి తొమ్మిదిన, కాఫీకీ భోజనానికీ మధ్య, పెన్సిల్ గుర్తు ఉన్న చోట పెట్టాను. ఆ రోజు నా ముందు ఇరవై ఆరు కాగితాలు ఉన్నాయి. ఒక్కటీ చదవలేదు.